పడేసినవాడూ ఎత్తినవాడూ

రుమైథియాలో ఆ ఇంటికి డ్రైవరుగా చేరిన రోజే మునీంద్ర కాస్తా మునీర్ అయిపోయాడు. మన దగ్గర పేరు మార్చుకోవాలంటే ప్లీడరు కావాలి, పత్రికలో ప్రకటన కావాలి, ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులు అరగాలి. కువైటులో అంత శ్రమ లేదు. ఇంటి పెద్దాయనకు, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్‌కు, నోరు తిరక్కపోతే చాలు. సోఫాలో కూర్చున్న ముసలి బాబా "మునీం... మునీం..." అని కాసేపు ఆ పేరుతో కుస్తీ పట్టి, చివరికి "ఖలాస్, మునీర్" అన్నాడు. రాయచోటి పక్క పల్లెలో తాత ఏరికోరి పెట్టిన పేరు అక్కడితో ఖలాస్.

నామకరణం అయ్యాక ఉపదేశం జరగాలి కదా. అది వంటింట్లో జరిగింది. ఆ ఇంట్లో వంటనూ, గదులనూ, పసిపిల్లలనూ, పసితనం వదలని పెద్దవాళ్లనూ చూసుకునే వెంకటేశ్వరిది చిట్వేలి వైపు. మన పక్క వాడు వచ్చాడన్న అభిమానంతో ఆమె టీ గ్లాసు చేతికిచ్చి చెప్పింది.

"సూడు నాయనా, ఈ ఇంట్లో ఏదన్నా కింద పడిందనుకో, అది మనం పడేసింది గాదు. అయినా అది కిందనే ఉన్నిందంటే మాత్తరం తప్పు మనదే. ఎవురు పడేసినారని అడగాకు. వంగు, ఎత్తు, తుడువు, ఇయ్యి. అంతే, నీకు ఉజ్జోగం వచ్చేసినట్టే."

"నేను డ్రైవర్ని గదక్కా."

"డ్రైవర్లకు నడుముండదా?"

మునీంద్రకు నడుముంది. ఆ సంగతి ఇంట్లో అందరూ త్వరలోనే కనుక్కున్నారు. ముసలి బాబా జపమాల జారితే ఎత్తాడు. ఇంటి యజమానురాలు, అందరూ మామా అని పిలిచే ఆవిడ, ఫోను జారవిడిస్తే ఎత్తాడు. పిల్లలు కొరికి పారేసిన రొట్టె ఎత్తాడు. కొన్నాళ్లకు వస్తువు నేలకు తాకేలోపే అతని చెయ్యి కిందకు వెళ్లేది. మిగతా ప్రపంచంలో వస్తువు కింద పడితే భూమ్యాకర్షణ అంటారు. ఆ ఇంట్లో "మునీర్!" అంటారు.

ఇక ఆ ఇంటి కొడుకు ఫవాజ్, పనివాళ్లకు ఆయనా బాబానే. ముప్పైకి దగ్గర పడుతున్న మనిషి. ఒక ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం. రోజూ వెళ్లాల్సి రావడమనే చిన్న లోపం తప్పిస్తే ఆ ఉద్యోగం ఆయనకు అన్నివిధాలా నచ్చింది. ఖాళీ సమయమంటే ఆయనకు చాలా భయం, అందుకని దాన్ని ఖరీదైన వస్తువులతో నింపుతుండేవాడు. మొదట డేగను పెంచాడు. డేగ ఆయనకన్నా ముందే విసిగిపోయి ఒకరోజు ఎగిరిపోయి మళ్లీ రాలేదు. తర్వాత నీళ్లమీద నడిపే స్కూటరు కొన్నాడు. అది ఇప్పుడు పెరట్లో టార్పాలిన్ కప్పుకుని సన్యాసం తీసుకుంది. ఆ తర్వాత ఎవరో చిన్నాన్న కొడుకు పిస్తోలు పోటీలకు వెళుతున్నాడని విన్నాడు. చిన్నాన్న కొడుకు చేసేది తను చేయకపోవడమేమిటని ఆ రాత్రే వెళ్లి ఎడారి రంగు ప్యాంట్లూ, నల్ల కళ్లజోడూ, ఒక విదేశీ బెల్టూ కొనేశాడు. పిస్తోలు ఒక్కటే కొనలేదు. అవి క్లబ్బువి, అక్కడే తాళంలో ఉంటాయి. లేకపోతే దానికి కూడా టార్పాలిన్ కప్పాల్సి వచ్చేది.

ఆటను ప్రాక్టికల్ పిస్టల్ షూటింగ్ అంటారు. పేరులోనే ప్రాక్టికల్ అని ఉంది కాబట్టి దీనివల్ల ఉపయోగం ఏమిటని అడగడం మర్యాద కాదు. సులైబియా దాటాక, గోదాములూ తోటలూ అయిపోయిన చోట, ఇసుక కట్టలు పోసి వాటి మధ్య చెక్క గోడలూ కిటికీలూ నిలబెట్టి ఉంటాయి. కాపురం లేని ఇళ్లన్నమాట. వాటి వెనక అట్ట బొమ్మలూ, ఇనప పలకలూ. చెవి పక్కన యంత్రం బీప్ అనగానే ఒరలోంచి పిస్తోలు తీసి, పరిగెడుతూ ఆగుతూ, కిటికీల్లోంచి తొంగిచూస్తూ, కనిపించిన గోధుమరంగు బొమ్మనల్లా కాల్చాలి. తెల్లబొమ్మలను కాల్చకూడదు, అవి అమాయకులట. వచ్చిన మార్కులను పట్టిన సమయంతో భాగిస్తారు. నిదానంగా కొట్టినవాడూ వెనకబడతాడు, తొందరపడి గురి తప్పినవాడూ వెనకబడతాడు. చిన్నప్పుడు మనం కర్రముక్కలతో ఆడి వీపు పగలగొట్టించుకున్న దొంగా పోలీసు ఆటే ఇది. పెద్దవాళ్లు ఆడుతున్నారు కాబట్టి చెవులకు మూతలూ, గోడకు నియమాలూ వచ్చాయి.

ప్రతి శుక్రవారం మునీంద్ర ఆయన్ను అక్కడికి తీసుకెళ్లి, కారులో కూర్చునేవాడు. ఏసీ వేసుకోవచ్చా అని ఇతను అడగలేదు, వేసుకోమని ఆయన చెప్పలేదు. ఆ పరస్పర గౌరవం అలాగే సాగిపోయేదేమో కానీ, ఈ ఆటలో ఒక మంచి ఆచారం ఉంది. ఒకరు కాల్చాక మిగతా ఆటగాళ్లందరూ వెళ్లి బొమ్మలకు పడిన చిల్లులమీద కాగితం పట్టీలు అంటించాలి, పడిన పలకలు లేపి నిలబెట్టాలి. ఎంత గొప్పవాడైనా ఈ పని తప్పదు. ఫవాజ్ ఆ ఆచారాన్ని చాలా గౌరవించాడు. తన వంతుకు డ్రైవర్ని పంపాడు.

గేటు దగ్గర ఒక గడ్డపు మనిషి ఆపాడు. ఎర్ర చొక్కా, మెడలో విజిలు. అక్కడ ఆట నడిపించేదీ, కొత్తవాళ్లకు పాఠం చెప్పేదీ ఆయనే. పేరు హారూన్. ఇంగ్లీషులో ఆపి, హిందీలో కోప్పడి, మునీంద్ర నోట "అయ్యో దేవుడా" అని వినగానే తెలుగులోకి దిగాడు.

"ఏడికొస్తున్నవ్ తమ్మీ? క్లాసు వినని మనిషి ఈ గీత దాటద్దు. పట్టీలంటిచ్చేటోడైనా సరే."

"మీది తెలుగా భాయ్?"

"జగిత్యాల. క్లాసైనంక సుట్టరికం కలుపుకుందాం. పోయి కూసో."

అలా, పట్టీలు అంటించే అర్హత సంపాదించడానికి మునీంద్ర తుపాకీ క్లాసులో కూర్చున్నాడు. పాఠం మళ్లీ వినమన్నారని పక్కన ఫవాజ్ కూడా ఉన్నాడు. ఆయన చాలా శ్రద్ధగా తన ఫోటోకు వెలుతురు సరిచేసుకుంటున్నాడు.

హారూన్ బల్లమీద ఒక ప్లాస్టిక్ పిస్తోలు పెట్టి పాఠం చెప్పాడు. పిస్తోలు మూతి ఎప్పుడూ ఇసుక కట్టవైపే ఉండాలి. కాల్చేదాకా వేలు ట్రిగ్గర్‌మీదకు పోకూడదు. నేను చెప్పందే ఒరలోంచి తీయకూడదు. చివరికి ఆ ప్లాస్టిక్ పిస్తోలును కావాలనే కింద పడేశాడు. ముందు వరసలో ఒకతను మర్యాదకు వంగబోయాడు. హారూన్ విజిలు ఊదాడు.

"గిట్లనే ఇంటికి పోతరు," అని అందరికీ ఇంగ్లీషులో ఒకసారి చెప్పి, మునీంద్ర వైపు తిరిగి తెలుగులో మళ్లీ చెప్పాడు. "కింద పడ్డ పిస్తోలు పాము లెక్క. నీదైనా, నీ కఫీల్‌దైనా, దేవునిదైనా ముట్టద్దు. చేతులు ఛాతీకాడికి తెచ్చుకొని నిలబడు. నన్ను పిలువు. నేనొస్త, నేనెత్త, నేను చూస్త. గుండ్లు లేని పిస్తోలు నడుస్తుంటె జారి పడ్డదనుకో, పడేసినోనికి ఏం గాదు. ఎత్తినోనికి మ్యాచ్ ఖలాస్. సమజైందా?"

మునీంద్రకు నవ్వొచ్చింది. "మా ఇంట్లో దీనికి ఉల్టా, భాయ్."

"నవ్వకు. యాదుంచుకో."

క్లాసు చివర ప్రతివాడూ నాలుగు గుండ్లు కాల్చి చూపాలి. మునీంద్ర వంతు వచ్చింది. గీసిన చదరంలో నిలబడ్డాడు. వెనకనుంచి హారూన్ గొంతు, ఇందాకటి గొంతు కాదు, కోర్టులో బంట్రోతు పిలిచినట్టు గంభీరంగా వచ్చింది.

"షూటర్ మునీంద్ర. ఆర్ యూ రెడీ?"

అడిగింది తననేనా అని మునీంద్ర వెనక్కి చూడబోయి, చూడకూడదని గుర్తొచ్చి ఆగాడు. కువైటులో దిగిన నాటినుంచీ అతనితో "యల్లా", అంటే పద పద, అన్నవాళ్లే తప్ప, మొదలుపెట్టే ముందు "నువ్వు సిద్ధమేనా?" అని అడిగి, జవాబు కోసం నోరు మూసుకుని ఆగిన మనిషి లేడు. నిద్రలో ఉన్నా యల్లా. అన్నం కలుపుకుంటున్నా యల్లా. జ్వరంతో పడుకున్నా యల్లా, మందు దారిలో కొందాం. ఇక్కడేమో సిద్ధంగా లేనంటే ఆపుతారట. పైగా పూర్తి పేరుతో పిలిచారు.

గుండ్లు ఎక్కడ తగిలాయో అతనికి పెద్దగా గుర్తులేదు. రెండు బొమ్మకు తగిలాయి, రెండు కువైటు ఇసుకకు తగిలాయి. హారూన్ పాస్ అన్నాడు. ఆ రోజునుంచి శుక్రవారం కోసం ఎదురుచూసే వింతజబ్బు ఒకటి మునీంద్రకు పట్టుకుంది. పట్టీలు అంటిస్తూనే కాల్చేవాళ్ల కాళ్లు చూసేవాడు, చేతులు చూసేవాడు. తీరిక దొరికితే హారూన్ పాత పిస్తోలిచ్చి కాసేపు కాల్పించేవాడు. గొప్ప గురి ఏమీ పుట్టుకురాలేదు. అయినా ఆ చదరంలో నిలబడి ఆ ప్రశ్న వినడానికే వెళ్లేవాడు.

ఇంతలో కొత్తవాళ్లకు ఒక పోటీ పెడుతున్నారని తెలిసింది. మునీంద్ర ఆశపడలేదు. ఆశపడాల్సిన అవసరం లేకుండానే పని జరిగింది. ఒకరోజు కారు వెనకసీట్లో కూర్చుని ఫవాజ్ చిన్నాన్న కొడుకుతో ఫోనులో మాట్లాడుతున్నాడు. వెనక కూర్చునేవాళ్ల దృష్టిలో డ్రైవరు చెవులు అద్దాల్లాగే కారుతో పాటు వచ్చిన సామాను. అరబ్బీ ఎంత బాగా వచ్చినా అవి వింటాయని వాళ్లకు తోచదు.

"మొదటి పోటీలో నేనే ఆఖరున వస్తే నువ్వు జీవితాంతం నవ్వుతావు," అంటున్నాడు ఫవాజ్. "అందుకే మునీర్‌ను కూడా చేర్పిస్తున్నాను. నా కింద ఒకడు ఉండాలి కదా."

మనిషికి ఎదిగే అవకాశాలు రకరకాలుగా వస్తాయి. మునీంద్రకు అడుగున ఉండే నిమిత్తం మీద వచ్చింది. కఫీల్ సంతకం కావాలంటే ముసలి బాబా చదవకుండానే చేశాడు. డ్రైవరు ఏం కాల్చినా టైర్లే కదా అనుకున్నాడో ఏమో.

క్లబ్బు ఇచ్చిన పాత బెల్టు మునీంద్ర నడుముకు వదులైంది. అల్ రాయ్‌లో కార్ల సీటు కవర్లు కుట్టే పెద్దిరాజు దగ్గరికి తీసుకెళ్లాడు. అమలాపురం మనిషి. తోలు అయితే చాలు, దేన్నయినా కుడతాడు, మాటలతో సహా.

"ఇదేవిట్రా బాబూ, సీటు బెల్టా, మొలతాడా?"

"పిస్తోలు బెల్టు రాజన్నా. పోటీకి పోతాండా."

పెద్దిరాజు సూది ఆపి పైనుంచి కిందిదాకా చూశాడు. "సిగ్నల్ దగ్గర హారన్ కొట్టడానికే భయపడే మనిషివి. నువ్వెళ్లి తుపాకీ కొడతావా? వెళ్లరా, వెళ్లు. బెల్టు మాత్రం గట్టిగా కుడతాను. పరిగెట్టేప్పుడు ప్యాంటు జారితే పరువు మనందరిదీ పోద్ది."

ఊళ్లో ఉన్న భార్య గంగాదేవికి ఫోనులో చెబితే ఆమె ఇంకొక దారి చూపింది. "అంత కాల్సల్లని ఉంటే ఇంటికి రా. పందులొచ్చి సెనిక్కాయ సేనంతా తింటాండాయి."

వెంకటేశ్వరి అసలు ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. "వంకాయ తరిగియ్యరా అంటే ఏలు తెగ్గోసుకుంటివి," అని గుర్తుచేసి ఊరుకుంది. కానీ పోటీ పొద్దున సంచిలో నిమ్మకాయ పులిహోర పొట్లం పెట్టింది. "మామా సూసిందంటే పిలకాయలకని సెప్పు" అంది.

ఆ పొద్దున ఎడారిలో చలిగాలికి దుమ్ము లేచి పళ్లమధ్య కరకరలాడుతోంది. బల్ల దగ్గర హారూన్ ఒక్కొక్కరికీ పిస్తోలు ఖాళీగా ఉందని చూపించి, వాళ్ల ఒరల్లో పెట్టించాడు. ఇక రోజంతా అవి ఖాళీగా నడుముకే ఉంటాయి. కాల్చే చదరంలో తప్ప ఎవరూ ముట్టకూడదు. ఫవాజ్ ఒర విదేశీది, మెరుస్తోంది. పిస్తోలు జారకుండా దాని పక్కన ఒక చిన్న మీట ఉంటుంది, బిగించుకోవాలి. హారూన్ దాన్ని బిగించి మరీ చూపించాడు. ఇంట్లో తాళాలు వేసే పని ఎప్పుడూ మునీర్‌దే కాబట్టి ఫవాజ్ ఆ మీటను పెద్దగా పట్టించుకోలేదు.

మొదటి ఆటలో ముందు ఫవాజ్ దిగాడు. బీప్ అనగానే దూసుకెళ్లాడు. చూడ్డానికి చాలా బాగుంది. గోధుమరంగు బొమ్మలు కొన్ని బతికిపోయాయి. తెల్లబొమ్మలు, ఆ అమాయకులు, చాలామంది అసువులు బాశారు. ఒక్కొక్క అమాయకుడికీ మార్కులు కోస్తారు. ఆయన బయటకొచ్చి, "టైమ్ ఎంత?" అని మాత్రం అడిగాడు. టైమ్ నిజంగానే బాగుంది.

తర్వాత మునీంద్ర.

"షూటర్ మునీంద్ర. ఆర్ యూ రెడీ?"

"రెడీ," అన్నాడు ఈసారి, బయటికి వినపడేలా.

కల్లంలో కోడిపెట్టను పట్టుకోబోయినట్టు పరిగెత్తాడు. ఒక కిటికీ దాటిపోయి మళ్లీ వెనక్కొచ్చాడు. ఒక ఇనప పలక ఎంతకీ పడనంది. అతని మొహంలోకి చూస్తూ అలాగే నిలబడింది. అయినా అమాయకులెవరూ చావలేదు. పెద్దిరాజు కుట్టిన బెల్టు ప్యాంటును కాపాడింది. హారూన్ చేతిలోని ట్యాబ్‌లో మార్కులు చూపించాడు. మునీంద్ర కింద నుంచి రెండోవాడు. అన్నిటికన్నా కింద ఫవాజ్.

"బాగ చేసినవ్," అన్నాడు హారూన్. "ఇంక మూడు ఆటలున్నయ్. గిట్లనే నిదానంగ పో."

ఫవాజ్ నల్ల కళ్లజోడు పెట్టుకున్నాడు. మునీంద్రకు మాత్రం ఇంకా మూడుసార్లు ఎవరో తనను సిద్ధమేనా అని అడుగుతారన్న సంగతి పులిహోర కన్నా రుచిగా ఉంది. అడుగున ఉండడానికి తెచ్చిన మనిషి అడుగున లేడు. ఆ సంగతి యజమానికి కూడా తెలిసింది. ఈ రోజు ఇలాగే ముగిస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదు, అనుకున్నాడు.

రెండో ఆట జరిగే చోటికి అందరూ నడుస్తున్నారు. ఫవాజ్ ముందు, ఆయన సంచీ తన సంచీ రెండూ భుజాన వేసుకుని మునీంద్ర వెనక. దారికి అడ్డంగా ఒక తాడు కట్టి ఉంది. ఫవాజ్ చుట్టూ తిరిగిపోయే రకం కాదు, దానిమీదుగా దూకాడు. బిగించని ఒరలోంచి పిస్తోలు ఎగిరి ఇసుకలో దబ్బున పడింది.

ఆ తర్వాత జరిగింది మునీంద్ర చేశాడని చెప్పడం కన్నా, ఆ ఇల్లు చేసిందని చెప్పడం న్యాయం. సంచులు భుజం నుంచి జారాయి. నడుము వంగింది. పిస్తోలు చేతిలోకొచ్చింది. చొక్కా అంచుతో దుమ్ము తుడిచాడు. వేలు ట్రిగ్గర్‌కు దూరంగా, మూతి ఇసుక కట్టవైపు, అన్నీ హారూన్ నేర్పినట్టే. "ఇదిగో బాబా" అని చెయ్యి చాచాడు.

ఎవరూ కదలడం లేదు. అప్పుడు గానీ అతనికి తన చేతిలో ఏముందో తెలియలేదు.

"స్టాప్!"

హారూన్ పరుగున వచ్చాడు. పిస్తోలు తీసుకున్నాడు, తెరిచి ఖాళీగా ఉందని చూశాడు, ఫవాజ్ ఒరలో పెట్టి, మీట తనే బిగించాడు. అప్పుడు మునీంద్ర వైపు తిరిగాడు. ఇంగ్లీషులో చెప్పాల్సిన వాక్యం చెప్పాడు. అది అందరికీ. తర్వాత తెలుగులో చెప్పాడు.

"మ్యాచ్ ఖలాస్ తమ్మీ, నీకు."

"భాయ్, అది నాది గాదు. ఆయప్ప పడేసుకున్న్యాడు. నేను ఎత్తిచ్చినా, అంతే."

"గదే తప్పు."

"గుండ్లు గూడా లేవు గద భాయ్ దాంట్లో!"

"లేవని నేను జూడాలె. నువ్వు గాదు. పాము అన్ననా లేదా?"

అన్నాడు. పాము అన్నాడు. కానీ పాము కఫీల్ కొడుకు నడుములోంచి పడితే ఏం చేయాలో మునీంద్ర నడుముకు ఎవరూ చెప్పలేదు.

ఫవాజ్ కళ్లజోడు తీశాడు. "నాకేమిటి? నేను కూడా ఔటా?"

"మీరు కాదు సార్," అన్నాడు హారూన్, ముఖంలో ఏమీ కనిపించకుండా. "ఖాళీ పిస్తోలు నడుస్తుంటే జారింది. మీరు దాన్ని ముట్టుకోలేదు. ఉన్నచోటే నిలబడ్డారు. నియమం అదే."

చుట్టూ ఉన్నవాళ్లు మెచ్చుకోలుగా తలలూపారు. ఒకాయన ఫవాజ్ భుజం తట్టాడు. అంత గందరగోళంలోనూ కొత్తవాడు నియమం మరవకుండా నిలబడడం మామూలు సంగతి కాదు మరి. ఆ నియమం ఫవాజ్ ఎన్నడూ వినలేదన్నది ఎవరికి తెలుసు? పుట్టిన దగ్గరనుంచీ కింద పడింది ఏదీ ఎత్తని మనిషి, ఎవరో ఒకరు ఎత్తి ఇస్తారని చెయ్యి చాచి నిలబడ్డాడు. ఇంట్లో దాన్ని బద్ధకం అంటారు. కాల్చేచోట క్రమశిక్షణ అన్నారు.

బెల్టు విప్పి, పిస్తోలు అప్పగించి, మునీంద్ర తన పాత పనికి వెళ్లాడు. పట్టీలు అంటించే హక్కు ఎవరూ తీసేయలేదు. మూడు ఆటల్లోనూ ప్రతివాణ్నీ హారూన్ అదే ప్రశ్న అడుగుతూనే ఉన్నాడు. ఆర్ యూ రెడీ? ఆర్ యూ రెడీ? మునీంద్ర ఒక బొమ్మకు పట్టీ అంటించడం మరిచి, చిల్లులోంచి అవతలి ఇసుక చూస్తూ నిలబడిపోయాడు.

హారూన్ పక్కకు వచ్చి ఒక పట్టీ తీసి తనే అంటించాడు.

"కోపమొచ్చిందా?"

"నీ మీద రాలే భాయ్."

"నా తమ్ముడైనా గిట్లనే పంపిద్దును."

"తెల్సు."

హారూన్ ఇంకో పట్టీ అంటించాడు. "కాల్చుడు నేర్పిన. వంగకుండ ఉండుడు నేనెట్ల నేర్పాలె? గది ఈడ వచ్చేటిది గాదు. మంచి షూటర్లందరు ఇంట్లనే ప్రాక్టీస్ చేస్తరు. నువ్వు గూడ ఇంట్లనే చెయ్యి. పిస్తోలు అవసరం లేదు."

"పిస్తోలు లేకుండా ఏం ప్రాక్టీసు?"

"మీ ఇంట్ల వస్తువులు పడయా?"

సాయంత్రం గోడకు ఫలితాలు అంటించారు. ఫవాజ్ కింద నుంచి వెతకడం మొదలుపెట్టాడు. వెతకాల్సిన పని పడలేదు. మొదటి చూపుకే దొరికాడు. అన్నిటికన్నా అడుగున ఆయన పేరే ఉంది.

"మునీర్, నీ పేరేది?"

"లేదు బాబా."

"నా కింద ఉండాలి కదా?"

"ఖలాస్ అయినోళ్ల పేర్లు ఎయ్యరంట బాబా. కింద గూడా ఎయ్యరంట."

ఫవాజ్ చాలాసేపు ఆ కాగితాన్ని చూశాడు. తన పడిపోయిన పిస్తోలును ఎత్తి ఇచ్చిన పుణ్యానికి డ్రైవరు మాయమైపోయాడు, డ్రైవరు మాయమైన పాపానికి తను అడుగుకు చేరాడు. ఇందులో ఎవరిని తిట్టాలో ఆయనకు అర్థం కాలేదు. పాల్గొన్న ప్రతివాడికీ ఇచ్చే గాజు బిళ్ల ఒకటి చేతిలో పెట్టారు. దానిమీద పిస్తోలు బొమ్మ ఉంది, స్థానం వేయలేదు. ఇచ్చినవాళ్లు మర్యాదస్తులు.

తిరుగు ప్రయాణంలో, రుమైథియా మలుపు దగ్గర, ఆయన ఒక ఆజ్ఞ ఇచ్చాడు.

"వచ్చే పోటీకి నువ్వు తప్పకుండా రావాలి. నా కిందే ఉండాలి. కింద ఏం పడినా సరే ముట్టుకోకూడదు. వింటున్నావా? ఏం పడినా సరే."

"సరే బాబా."

కారు ఇంటి ముందు ఆగింది. ఫవాజ్ దిగుతూ ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో గాజు బిళ్ల, మోచేత్తో తలుపు పట్టుకున్నాడు. ఆ మూడింటిలో గాజు బిళ్లే జారింది. వాకిట్లో బండల మీద పడి, మూల విరిగి, కాస్త దూరం దొర్లింది.

మునీంద్ర మోకాళ్లు అప్పటికే సగం వంగాయి. వాటిని అక్కడే ఆపడానికి పళ్లు బిగబట్టాల్సి వచ్చింది. మెల్లగా లేచి నిలబడ్డాడు. చేతులు ఛాతీ దగ్గరికి తెచ్చుకున్నాడు.

ఫవాజ్ చెయ్యి చాచి నిలబడ్డాడు. చేతిలోకి ఏమీ రాలేదు. తిరిగి చూశాడు.

"మునీర్?"

"మీరే సెప్పినారు గద బాబా."

"అది అక్కడ!"

"ఇది ప్రాక్టీసు బాబా."

ఇద్దరు మగవాళ్లు బిళ్లకు చెరోపక్క నిలబడ్డారు. గట్టి క్రమశిక్షణ. తలుపు దగ్గరినుంచి మామా గొంతు వినపడింది. ఏం పడింది, ఎవరు పగలగొట్టారు, ఎందుకు అందరూ అలా నిలబడ్డారు? ఆ ప్రశ్నలు పూర్తయ్యేలోపే వంటింట్లోంచి వెంకటేశ్వరి తడిచేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చింది. వంగింది, ఎత్తింది, కొంగుతో తుడిచింది, ఇచ్చింది. ఫవాజ్ తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు. మామా తలుపు మూసింది.

"ఏందిరా ఆ నిలబడటం, సామి మొక్కు ఉన్నెట్టు?" అంది వెంకటేశ్వరి.

"ఎత్తగూడదక్కా. ఎత్తినందుకే ఈ పొద్దు నన్ను ఆటలోనుంచి తీసేసినారు. అలవాటు మానుకోవాలంట."

"ఓహో. నువ్వు మానుకుంటే వస్తువులు పడేది మానుకుంటాయా? నీ వంతు గూడా నా నడుముకే వచ్చె." ఆమె నడుముమీద చెయ్యి పెట్టుకుని నిటారైంది. "పులిహోర తింటివా, అదన్నా కింద పడేసినావా?"

"తింటినక్కా."

"గెలిస్తివా?"

"ఒక ఆట. ఆయప్ప మీద."

వెంకటేశ్వరి మూసిన తలుపువైపు ఒకసారి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లబోయి, వట్టి పాదాలతో ఆగింది. ఆ పాదాల ముందే విరిగిన గాజు మూల బండమీద మెరుస్తోంది.

"కదలాకక్కా," అని మునీంద్ర వంగి దాన్ని ఎత్తాడు. దానికి మాత్రం హారూన్‌ను పిలవలేదు.